క్రీస్తులో స్వతంత్రులమైతే ఇంకా లోబడటం ఎందుకు? ప్రసాదం, నగలు, పెద్దల మాట: ఏ వరుసలో తేల్చుకోవాలి?

కూటం_కన్వీనర్ (ప్రశ్న)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

వచ్చే రెండు శుక్రవారాలు మా యువజన కూటంలో "క్రైస్తవ స్వాతంత్ర్యం" మీద చర్చ పెట్టాం. గలతీ 5:1లో మళ్లీ దాస్యపు కాడి కింద చిక్కుకోవద్దని ఉంది. రోమా 6:18లో పాపం నుంచి విడుదలై నీతికి దాసులయ్యారని ఉంది. యాకోబు 1:25 ఏకంగా స్వాతంత్ర్యమిచ్చే నియమం అంటుంది. పిల్లలు అడిగేది ఒకటే: విడిపించి మళ్లీ లోబడమంటే అది విడుదల ఎలా అవుతుంది?

దీని వెనకాలే అసలు ప్రశ్నలున్నాయి. ఆఫీసులో ఆయుధపూజకు నిలబడాలా? పక్కింటివాళ్లు ప్రసాదం పంపితే? బాప్తిస్మానికి ముందు నగలు తీసేయాలనే సంఘ నియమం దేవుని ఆజ్ఞేనా? "ఈ సంబంధం చేసుకోమని ప్రభువు నాకు చూపించాడు" అని పెద్దలు అంటే కాదనొచ్చా?

"ప్రార్థించి తేల్చుకోండి" అన్న జవాబు వాళ్లకు ముందే తెలుసు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు, జనం ఎక్కడ కాలు జారతారు అన్నది చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

బెరయ_బడి

వందనాలు బ్రదర్. ముందు పిల్లల ప్రశ్న సంగతి చూద్దాం, అది తేలకపోతే కింది ప్రశ్నలన్నీ లాయర్ల వాదనలైపోతాయి.

వాళ్ల ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది. పైన ఎవరూ లేని మనిషే స్వతంత్రుడని. పౌలు ఆ ఊహను ఒప్పుకోడు. రోమా 6:16–22లో రెండే స్థితులు కనబడతాయి: పాపానికి లోబడటం, దేవునికి లోబడటం. ఏ యజమానీ లేని మూడో చోటు అక్కడ లేదు. యోహాను 8:34లో ప్రభువు మాటా ఇదే, పాపం చేసేవాడు పాపానికి దాసుడు. రోజూ రాత్రి "రేపటి నుంచి మానేస్తా" అనుకుని మానలేని మనిషి ముందు ఎన్ని దారులు తెరిచి ఉన్నా అతను స్వతంత్రుడు కాడు. ఇది పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు, ఫోన్ చేతిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు.

5వ శతాబ్దంలో సంఘ పండితుడు అగస్టీన్ దీన్ని మెట్లుగా పేర్చాడు. ఆదాముకు పాపం చేయకుండా ఉండగల శక్తి ఉండేది. పతనం తర్వాత మనిషి తన బలంతో పాపం మానలేని స్థితికి వచ్చాడు. కృపలో తిరిగి పాపాన్ని కాదనగలడు. చివరికి పరలోకంలో పాపం చేయనే లేడు. ఆ చివరిదాన్నే అతను అన్నిటికంటే గొప్ప స్వాతంత్ర్యం అన్నాడు. కూటంలో ఇక్కడ ఎవరో ఒకరు ఆపుతారు: "చేయలేకపోవడం స్వాతంత్ర్యమా?" తీతు 1:2 చూపించండి. దేవుడు అబద్ధమాడలేడు, ఆయనకంటే స్వతంత్రుడు ఎవరున్నారు? ఛందస్సు ఒంటపట్టినవాడు ఆటవెలదిలో మాట్లాడినంత సులువుగా పద్యం చెబుతాడు. గణాలు తెలియనివాడికి ఏ మాటనైనా ఎక్కడైనా పెట్టే వీలుంది, పద్యం మాత్రం రాదు.

ఇక దేని నుంచి విడుదల? తప్పులు ఎక్కువ పుట్టేది ఇక్కడే. శిక్షావిధి నుంచి (రోమా 8:1), పాపపు ఏలుబడి నుంచి (6:14), రక్షణకు షరతుగా మోషే ఆచారాలను మోయడం నుంచి (గలతీ 5:2–4), మనుషులు కల్పించిన "ముట్టవద్దు, రుచి చూడవద్దు" కట్టడల నుంచి (కొలొస్సయి 2:20–22). దేవుణ్ణి, పొరుగువాణ్ణి ప్రేమించడం నుంచి విడుదల ఎక్కడా రాయలేదు. యిర్మీయా 31:33 చూడండి, కొత్త నిబంధనలో ధర్మశాస్త్రం చెరిగిపోలేదు, హృదయం మీదికి వచ్చింది.

16వ శతాబ్దపు ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ క్రైస్తవ స్వాతంత్ర్యాన్ని మూడు భాగాలుగా చెప్పాడు. ఒకటి, దేవుని ముందు నీతిమంతుణ్ణి అనిపించుకోవడానికి క్రియల లెక్క చూసుకోనక్కర్లేదు. రెండు, ఆ బరువు దిగింది కాబట్టి కొరడా భయం లేకుండా ఇష్టపూర్వకంగా లోబడవచ్చు. మూడు, దేవుడు మంచీ చెడూ అని తేల్చని విషయాల్లో మనస్సాక్షికి సంకెళ్లు లేవు. యువత నేరుగా మూడోదానికి దూకుతుంది, పెద్దలు మూడోది ఉందని చెప్పనే చెప్పరు. మొదటిది గుండెలో దిగకుండా మూడోది చేతికిస్తే సగంమంది విచ్చలవిడిగా పోతారు, సగంమంది ప్రతిదానికీ భయపడతారు. ఆ భయం ఎక్కడిదాకా పోతుందో కూడా కాల్విన్ చెప్పాడు: మంచి ద్రాక్షారసం తాగొచ్చా అని అనుమానం మొదలైనవాడు కొన్నాళ్లకు పులిసిన దాన్నీ తాగలేడు, చివరికి తేట నీళ్లు తాగడానికీ జంకుతాడు.

పని జరిగే పద్ధతికి వస్తాను. ఏ విషయమైనా ముందు మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేయాలి. దేవుడు ఆజ్ఞాపించినది, దేవుడు వద్దన్నది, దేవుడు మనకు విడిచిపెట్టినది. మొదటి రెంటికీ వచనం చూపించాలి. అది కూడా సందర్భంతో సహా, ముందు పది వచనాలు వెనక పది వచనాలు చదివి. చూపించలేకపోతే మూడో కుప్పే. మూడో కుప్పలో పడినంత మాత్రాన పని అయిపోలేదు. అక్కడ 1 కొరింథీ 6:12, 10:23 చెప్పే జల్లెడలు వరుసగా పట్టాలి: ఇది నాకు మేలా? ఇది నన్ను లోబరచుకుంటుందా? ఎదుటివాడి విశ్వాసాన్ని నిలబెడుతుందా, కూలుస్తుందా? చివరికి 10:31, దీన్ని దేవుని మహిమ కోసం చేస్తున్నానని నోరు తెరిచి చెప్పగలనా?

విచ్చలవిడివాడూ ఛాందసుడూ చేసే తప్పు ఒకటే. మొదటివాడు దేవుడు వద్దన్నదాన్ని మూడో కుప్పలోకి జరుపుతాడు, రెండోవాడు మూడో కుప్పలోదాన్ని వద్దన్నదాంట్లోకి జరుపుతాడు. రెండూ దేవుని కుర్చీలో కూర్చోవడమే. మన సంఘాల్లో మొదటివాణ్ణి క్రమశిక్షణలో పెడతారు, రెండోవాడికి వేదిక మీద కుర్చీ వేస్తారు.

ఆజ్ఞ అక్కర్లేదు, సువార్త చాలు అనే వాదన కొత్తదేమీ కాదు. జర్మనీ సంస్కర్త లూథర్ దగ్గర చదువుకున్న అగ్రికోలా అదే అన్నాడు. లూథరే 1537 నుంచి వరుసగా చర్చాసభలు పెట్టి దాన్ని ఖండించాడు. 1520లో "క్రైస్తవుడు ఎవరికీ లోబడని ప్రభువు" అని రాసినవాడూ లూథరే. ఆ వెంటనే రెండో వాక్యంగా "క్రైస్తవుడు అందరికీ లోబడే సేవకుడు" అని రాశాడు. రెంటినీ కలిపే చూపించండి.

కొరింథు_సంత

పైన చెప్పిన మూడో కుప్ప దగ్గర ఆగుతాను. ప్రసాదం మాట వచ్చింది కాబట్టి.

1 కొరింథీ 8, 9, 10 అధ్యాయాలు ఒక్క బిగిన చదవకపోవడమే సగం గొడవకు కారణం. 8 చదివి ఆగినవాడు "విగ్రహం వట్టిది, తింటే ఏమౌతుంది" అంటాడు. 10:20 ఒక్కటే పట్టుకున్నవాడు చికెన్ షాపు ముందూ వణుకుతాడు. పౌలు అక్కడ మూడు వేర్వేరు చోట్ల గురించి మాట్లాడుతున్నాడు.

మొదటిది గుడి భోజనశాల. కొరింథులో అస్క్లేపియస్ అనే గ్రీకు దేవుడి గుడి దగ్గర తవ్వకాల్లో మూడు భోజనపు గదులు బయటపడ్డాయి, ఒక్కోదాంట్లో 11 మంది ఆనుకుని తినేలా బల్లలు. ఈజిప్టులో దొరికిన పపైరస్ (నాటి కాగితం) ముక్కల్లో, అక్కడి దేవుడు సెరాపిస్ పేరుతో, "సెరాపిస్ ప్రభువు బల్ల దగ్గర భోజనానికి రండి" అనే ఆహ్వానాలే ఉన్నాయి. అంటే అక్కడ భోజనమే ఆరాధన. 10:14–22 దీన్ని సూటిగా వద్దంటుంది, ప్రభువు బల్లలోనూ ఆ బల్లలోనూ పాలుపంచుకోలేరు. ఇది మూడో కుప్ప కాదు, రెండోది.

రెండోది సంత. 10:25, కటికవాడి అంగట్లో అమ్మేదాన్ని ఆరా తీయకుండా కొనండి. భూమీ దాని సమృద్ధీ ప్రభువువే (కీర్తన 24:1). హైదరాబాద్‌లో హలాల్ చికెన్ తినొచ్చా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. దసరా నాడు పూజ చేసిన కొట్లో సరుకులు కొనొచ్చా అన్నది దాని తమ్ముడు. రెంటికీ జవాబు ఈ వచనమే. కోసినవాడు ఏ మాట పలికాడన్నది కొన్నవాడి ఆరాధన అవదు.

మూడోది అవిశ్వాసి ఇంట్లో విందు. 10:27, పిలిస్తే వెళ్లండి, పెట్టింది తినండి, ఆరా వద్దు. 10:28, "ఇది బలి అర్పించింది" అని ఎవరైనా చెబితే ఆ మాట చెప్పినవాడి కోసం తినకండి. వంటకం అదే, గిన్నె అదే. మారింది ఎదుటివాడి మనసులో దానికున్న అర్థం. 10:29లో పౌలే తేల్చాడు, మనస్సాక్షి అంటే నీది కాదు, అతనిది. పండక్కి పక్కింటి అక్క పులిహోర పంపితే తినండి. "అమ్మవారి ప్రసాదం, కళ్లకద్దుకుని తీసుకో" అంటే సంగతి వేరు. అప్పుడు తీసుకుంటే ఆమె దృష్టిలో మీరు ఆ పూజలో కలిసినట్టు.

కాదనడంలో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. నవ్వుతూ తీసుకుని గుమ్మం దాటగానే చెత్తబుట్టలో వేయడం. లేదా "కడుపులో బాలేదు" అనడం. ఆమె భక్తితో ఇచ్చినదాన్ని పారేస్తే అవమానం, లేని కడుపునొప్పి చెబితే అబద్ధం (కొలొస్సయి 3:9). ఒక ఆజ్ఞను కాపాడబోయి ఇంకోటి విరిచినట్టు. సూటిగా, మెత్తగా చెప్పొచ్చు: "గుర్తుపెట్టుకుని తెచ్చావు, సంతోషం అక్కా. ప్రసాదంగా తీసుకోవడం మా విశ్వాసంలో లేదు, ఏమీ అనుకోకు. నీ చేతి పులిహోర మాత్రం ఇంకో రోజు అడిగి తింటా." చాలామందికి ఇది అర్థమౌతుంది, వాళ్లకూ వాళ్ల నియమాలున్నాయి.

ఆయుధపూజను ముక్కలుగా విడదీయండి. మెషీన్లు తుడవడం, గది సర్దడం ఉద్యోగం. మిఠాయిల చందా, భోజనం చందా స్నేహం. పూజ సామాను చందా, హారతి కళ్లకద్దుకోవడం, పూజలో దండం పెట్టడం ఆరాధన. వెనక వరుసలో ఊరికే నిలబడటం దగ్గరే అభిప్రాయాలు చీలతాయి. 2 రాజులు 5:18లో సిరియా సేనాపతి నయమాను, రిమ్మోను దేవుడి గుడిలో రాజు తన చేతి మీద ఆనుకున్నప్పుడు వంగాల్సి వస్తుంది, క్షమించమని అడిగాడు. ప్రవక్త ఎలీషా "సమాధానంగా వెళ్లు" అన్నాడు. ఇందులో అనుమతి ఎంత, జాలి ఎంత అని కొలవడం కష్టం, కాబట్టి దీని మీద నియమం కట్టకండి. చేయగలిగిన పని ఒకటుంది: వారం ముందే మేనేజర్‌కు చెప్పి "ఆ గంట ఫోన్లు, గేటు నేను చూసుకుంటా, భోజనం ఖర్చులో నా వంతు ఇస్తా" అనండి. అదే రోజు, అందరి ముందు, పళ్లెం దగ్గరికొచ్చాక మొహం తిప్పుకుంటే అది సాక్ష్యంలా కాదు, తగువులా కనిపిస్తుంది.

నెల్లూరు_ప్రార్థన

అన్నా, ప్రకటన 2:14, 2:20 ఎందుకు వదిలేశారు? పెర్గములో, తుయతైరలో విగ్రహాలకు బలిచ్చినవి తిన్నందుకే ప్రభువు గద్దించాడు. అపొ. కార్యములు 15:29లో యెరూషలేము సభ కూడా వాటిని విసర్జించమంది. అర్థం ఏదైనా సరే, ప్రసాదం ఏ రూపంలోనూ వద్దు అనడమే క్షేమం. నిన్నటిదాకా ఆ గుడికే వెళ్లిన కొత్త విశ్వాసికి మీ మూడు చోట్ల లెక్క ఏం తెలుస్తుంది?

కొరింథు_సంత

వదల్లేదు తమ్ముడూ, మొదటి చోట్లోనే ఉన్నాయి. ప్రకటన 2లో రెండుసార్లూ ఆ తినడం జారత్వంతో జతగా వస్తుంది, బిలాము పేరు కూడా వస్తుంది. సంఖ్యాకాండం 25లో జరిగింది దేవత విందే, సంతలో మాంసం కొనడం కాదు.

కొత్త విశ్వాసి విషయంలో మీ మాటే నా మాట. 8:13లో పౌలు అవసరమైతే జీవితాంతం మాంసమే మానేస్తానన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువున్న సంఘంలో అందరూ మానుకోవడం తెలివైన పని. అయితే "బలహీనుడు" ఎవరో 8:10 చూసి ఖాయం చేసుకోండి. మీరు తినడం చూసి, తన మనస్సాక్షి వద్దంటున్నా తనూ తినేసి చెడిపోయేవాడు బలహీనుడు. మీరు తింటే చిరాకుపడి పాస్టర్ గారికి ఫోన్ చేసేవాడు బలహీనుడు కాడు, అతనికి ఆ పాపంలో పడే ప్రమాదమే లేదు. చిరాకును బలహీనత అనుకుంటే సంఘంలో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల అభిరుచే దేవుని ఆజ్ఞ అయిపోతుంది. కాల్విన్ కూడా బలహీనులకు కలిగే అభ్యంతరం వేరు, పరిసయ్యులు కల్పించుకునే అభ్యంతరం వేరు అన్నాడు.

ఉపదేశి

నేను కథోలిక విచారణలో (పారిష్‌లో) సత్యోపదేశం చెబుతాను. పై మాటలకు చాలావరకు ఒప్పుకుంటూ, మా వైపు నుంచి రెండు సంగతులు.

మనస్సాక్షి అనే మాట ఇక్కడ ఎవరూ సరిగా విప్పలేదు. మా బోధలో మనస్సాక్షి అంటే లోపల కలిగే ఫీలింగ్ కాదు, "ఈ పని ఇప్పుడు చేయడం మంచిదా చెడ్డదా" అని బుద్ధి ఇచ్చే తీర్పు. తీర్పు కాబట్టి అది తప్పు కూడా కావచ్చు. 13వ శతాబ్దపు కథోలిక పండితుడు థామస్ అక్వినాస్ ఇక్కడ రెండు మాటలు పక్కపక్కనే పెట్టాడు. తప్పుబడిన మనస్సాక్షికి విరుద్ధంగా నడిచినా పాపమే, ఎందుకంటే చెడు అనుకుంటూనే చేశాడు. రోమా 14:23 కూడా అదే. అలాగని దాన్ని పాటించినవాడికి ఎప్పుడూ నేరం ఉండదని కాదు. తెలుసుకోవలసింది తెలుసుకోకుండా నిర్లక్ష్యం చేసి ఉంటే ఆ నిర్లక్ష్యం అతనిదే. కథోలిక సత్యోపదేశ గ్రంథంలో 1790, 1791 పేరాలు ఇదే చెబుతాయి.

దీన్నిబట్టి ఏం చేయాలి? తీర్పు ఖచ్చితంగా ఉంటే దానికి లోబడాలి. అనుమానం ఉంటే ఆగాలి, ఆగి అడగాలి. ఆగడం అంటే ఆరు నెలలు నాన్చడం కాదు. వాక్యం, శ్రీసభ (కథోలిక సంఘం) బోధ, ఆ విషయం తెలిసిన మనిషి సలహా, ఈ మూడూ చూసుకుని తేల్చుకోవాలి. ఇక్కడ మనుషులు చేసే మోసం ఒకటుంది. తమకు కావలసిన జవాబు చెప్పేవాణ్ణి దొరికేదాకా ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ పోతారు. నాలుగో గురువు ఔనన్నాడు కాబట్టి మనస్సాక్షి శుభ్రం అనుకుంటారు.

రెండోది. మీరు "వచనం చూపించు, లేకపోతే మూడో కుప్ప" అన్నారు. మాకు శ్రీసభ చట్టం అనే మెట్టు మధ్యలో ఉంది. విభూతి బుధవారం, శుభ శుక్రవారం ఉపవాసం 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 59 ఏళ్లు నిండేదాకా, మాంసవర్జన 14 ఏళ్లు నిండినప్పటి నుంచి. ఇది దేవుని పది ఆజ్ఞల్లాంటిది కాదు, మార్చదగినది. జబ్బుచేసినవాళ్లను మన్నిస్తుంది, న్యాయమైన కారణం ఉంటే విచారణ గురువు మినహాయింపు ఇవ్వగలడు. అయినా పాటించాలి, ఎందుకంటే అధికారం ఉన్నవాళ్లు పెట్టారు. దైవ చట్టానికీ సభ చట్టానికీ తేడా చెప్పకుండా రెంటినీ ఒకే గొంతుతో బోధిస్తే పిల్లలు మొదట రెంటికీ భయపడతారు, తర్వాత రెంటినీ వదిలేస్తారు.

మన ప్రాంతానికి సంబంధించిన పాత ఉదాహరణ చెప్తాను, మీ కూటానికి పనికొస్తుంది. తమిళనాడు మధురైలో యేసుసభ మిషనరీ రాబర్ట్ డి నోబిలి 1606 నుంచి పనిచేస్తూ క్రైస్తవులైనవాళ్లు జంధ్యం, పిలక, గంధం ఉంచుకోవచ్చా అనే ప్రశ్న తెచ్చాడు. అవి కులానికీ మర్యాదకూ గుర్తులా, పూజకు గుర్తులా అన్నదే తగాదా. 1623లో పోప్ 15వ గ్రెగొరీ పూజ అర్థం తీసేసి వాడుకోవచ్చన్నాడు. 1704లో పాండిచ్చేరికి వచ్చిన రోము ప్రతినిధి టోర్నాన్ చాలా ఆచారాలను నిషేధించాడు. ఆ నిర్ణయాలు మన తెలుగు ప్రాంతం కూడా ఉన్న కర్ణాటక మిషన్‌కూ వర్తించాయి. తాళి విషయంలో ఆయన చేసింది గమనించండి: తాళినే తీసేయమనలేదు, దాని మీద పిళ్ళైయార్ (వినాయకుడి) బొమ్మ వద్దు, సిలువ ఉండొచ్చు అన్నాడు. వస్తువును విడదీసి, ఆరాధన ఎక్కడుందో ఆ ముక్కను పట్టుకోవడం. 1744లో 14వ బెనెడిక్ట్ ఆ వాదానికి ముగింపు పలికాడు. దేవుని పిల్లలు ఒకే వస్తువు మీద వందేళ్లు పైగా వాదించుకున్నారంటే ఒక్క శుక్రవారంలో తేలలేదని బాధపడకండి.

కూటం_కన్వీనర్

ఉపదేశి గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు, తాళి సంగతి తప్పకుండా చెప్తాను. నగలు, "ప్రభువు చూపించాడు", పెద్దల మాట ఇంకా మిగిలాయి. మా పిల్లల్లో సగానికి పైగా ఇబ్బంది పడుతున్నది వాటితోనే.

ఒంగోలు_పాతబాట

మనుషుల అధికారం మాట నేను అందుకుంటాను.

కూటాన్ని పౌలు తోటి పనివాళ్లు తీతు, తిమోతిలతో మొదలుపెట్టండి. అపొ. కార్యములు 16:3లో పౌలు తిమోతికి సున్నతి చేయించాడు. గలతీ 2:3–5లో తీతుకు చేయించడానికి ఒక్క గడియ కూడా ఒప్పుకోలేదు. పని ఒకటే, తేల్చినవాడు పౌలే, జవాబు రెండు రకాలు. తిమోతి దగ్గర అది యూదుల మధ్య పనికి సౌకర్యం. తీతు దగ్గర అది లేకపోతే రక్షణ లేదన్నారు. 1548లో చక్రవర్తి ఒత్తిడి మీద జర్మనీలో లూథరన్లను పాత ఆచారాలు తిరిగి పెట్టుకోమన్నప్పుడు ఇదే తగాదా వచ్చింది. 1577లో వాళ్ల ఒప్పుకోలు పత్రం పదో అంశంలో తేల్చింది: మామూలు రోజుల్లో విడిచిపెట్టదగిన ఆచారమైనా, విశ్వాసాన్ని అణచడానికి బలవంతంగా రుద్దినప్పుడు లొంగకూడదు.

దీన్నుంచి సంఘ నియమాలకు ఒక పరీక్ష వస్తుంది. నియమం ఏమిటని కాక, మీరితే ఏమౌతుందని చెబుతున్నారో అడగండి. "మన సంఘంలో పద్ధతి ఇది, పెద్దలు అనుకున్నారు" అంటే సంఘ క్రమం, హెబ్రీ 13:17 ప్రకారం గొణగకుండా పాటించండి. ఆరాధన ఎన్నింటికి, బల్లకు ముందు ఎవరితో మాట్లాడాలి, పాటల వరుస, ఇవన్నీ అందులోవే. "ఇది చేయకపోతే నరకం" అంటే తీతు కేసు, అక్కడ వచనం అడిగి తీరాలి. అడిగేటప్పుడు ఏకాంతంగా, పాస్టర్ అయ్యగారి ఇంటికి వెళ్లి, మర్యాదగా: "అయ్యగారూ, ఇది దేవుని ఆజ్ఞా, సంఘ క్రమమా, మీ సలహానా?" ఈ మూడింట్లో ఏదో ఒకటి చెప్పమనడం తిరుగుబాటు కాదు. 2 కొరింథీ 1:24లో పౌలే తాను వాళ్ల విశ్వాసం మీద ప్రభువును కానన్నాడు, 1 పేతురు 5:3 పెద్దలను ప్రభువుల్లా ఏలవద్దంటుంది.

నగలకు చూపించేది 1 పేతురు 3:3, 1 తిమోతి 2:9. పేతురు వచనంలో జడలు, బంగారంతో పాటు వస్త్రాలు ధరించుకోవడం కూడా ఉంది. మొదటి రెంటినీ పూర్తి నిషేధంగా చదివితే మూడోదాన్నీ అలాగే చదవాలి, అది ఎవరూ చేయరు. పైగా ఆదికాండం 24లో రిబ్కాకు పెట్టిన ముక్కుకమ్మి, కడియాలకు గద్దింపు లేదు. కాబట్టి ఆజ్ఞ కుప్పలోకి రాదు. కానీ ఆ నియమం వెనక కారణం కొట్టిపారేసేది కాదు. అప్పుచేసి బంగారం కొని ఆదివారం చూపించుకోవడం, పేదింటి పిల్ల అది చూసి మందిరానికి రావడం మానేయడం, 1 తిమోతి 2:9 కోపం దాని మీదే. కొన్ని పెంతెకొస్తు సంఘాల్లో బాప్తిస్మానికి ముందు తీసేసే పద్ధతి ఉంది. ఆ సంఘంలో చేరదలచినవాడు క్రమంగా ఒప్పుకోవచ్చు. "తీయనివాడు రక్షణ లేనివాడు" అనే మాటకు మాత్రం ఒప్పుకోకూడదు.

"ప్రభువు చూపించాడు" సంగతి. ప్రభువు ఒకరితో మాట్లాడలేడని నేననను. అయితే ఒకరికి కలిగిన దర్శనం ఇంకొకరి మనస్సాక్షిని కట్టిపడేయదు. 1 థెస్సలొనీక 5:21 అన్నిటినీ పరీక్షించమంటుంది, 1 కొరింథీ 14:29 ప్రవచనాన్ని మిగిలినవాళ్లు వివేచించాలంటుంది. పెళ్లి గురించి 1 కొరింథీ 7:39 సూటిగా ఉంది. విధవరాలికి ఇష్టమైనవాణ్ణి పెళ్లాడే స్వాతంత్ర్యం ఉంది, ప్రభువునందు మాత్రమే. అక్కడ షరతు ఒక్కటే. అమ్మాయికి ఇష్టం లేని సంబంధాన్ని దర్శనం పేరుతో ఖాయం చేయడం ఆమెకు దేవుడిచ్చినదాన్ని లాక్కోవడం. చెప్పినాయన్ని ఇలా అడగొచ్చు: "ఆయన నాకూ చూపించేదాకా ఆగుదామా?" నిజంగా ప్రభువు మాటైతే ఆగినంత మాత్రాన చెడిపోదు. ఆగడానికి ఒప్పుకోకుండా శాపాల్లోకి దిగితే మూలం ఏదో తెలిసిపోయింది.

తల్లిదండ్రులకు లోబడటం (ఎఫెసీ 6:1) ఆజ్ఞే, దానికి "ప్రభువునందు" అనే హద్దు అక్కడే ఉంది. పెద్దయిన పిల్లలకు లోబడటం తగ్గొచ్చు, సన్మానించడం తగ్గదు. దేవునికి అర్పణ అన్న సాకుతో ముసలి తల్లిదండ్రులను వదిలేసినవాళ్లను మార్కు 7:9–13లో ప్రభువు ఎలా గద్దించాడో కూడా చదవండి, ఇది పిల్లలకు నచ్చే స్వాతంత్ర్యం కాదు. కులం చూసి సంబంధం వెదకాలనేది మాత్రం ఆజ్ఞ కాదు. కొందరు దాన్ని మూడో కుప్పలో వేసి "కట్టుబాటు, ఏం తప్పు" అంటారు. గలతీ 2:11–14 చూడండి. అంతియొకయలో పేతురు అన్యజనుల బల్ల నుంచి లేచి వేరుగా కూర్చున్నాడు, పౌలు అందరి ముందు నిలదీశాడు. వేరే పంక్తిలో కూర్చోవడమే సువార్తకు విరుద్ధమైతే, బల్ల దగ్గర కలిసి పెళ్లి దగ్గర విడిపోవడాన్ని కట్టుబాటని దాటేయలేరు.

లోబడటం వల్ల బయటి విడుదల కూడా ఎలా వస్తుందో ఒంగోలు చరిత్రలో ఉంది. 1866లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర మాదిగ పల్లెల్లో చేరినవాళ్లకు మొదట చెప్పినవి మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. చూడ్డానికి మూడూ "వద్దు"లే. కానీ ఊరికి వెట్టిచేసే మనిషి ఏడో రోజు "ఇవాళ రాను" అనగలగడం, జాతరలో డప్పు కొట్టననడం అదే మొదలు. కుండలమ్మేవాళ్లను, బట్టలుతికేవాళ్లను వాళ్ల దగ్గరికి పోనివ్వలేదు, ఊరి బీట్లో పశువులను మేపనివ్వలేదు. అయినా 1878 జూలైలో ఒక్క రోజులోనే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మూడు ఆజ్ఞలను బరువని వాళ్లతో చెప్పి చూడండి.

ప్రభుత్వం సంగతి క్లుప్తంగా. రోమా 13 మామూలు నియమం, పన్ను, ట్రాఫిక్, లైసెన్సు అన్నీ అందులోకి వస్తాయి. అపొ. కార్యములు 5:29 మినహాయింపు. దేవుడు వద్దన్నది చేయమన్నా, చేయమన్నది వద్దన్నా మాత్రమే అది వర్తిస్తుంది, అసౌకర్యానికి వర్తించదు. కాదనే పద్ధతికి మంచి ఉదాహరణ 1985లో కేరళ బడిలో ముగ్గురు పిల్లలది. వాళ్లు యెహోవా సాక్షులు, వాళ్ల సిద్ధాంతంతో మనకు పేచీలున్నాయి, అది వేరే మాట. జాతీయగీతం పాడలేదని బడి తీసేసింది. వాళ్లు పాడలేదు కానీ అందరితో పాటు లేచి గౌరవంగా నిలబడేవాళ్లు. సుప్రీంకోర్టులో మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి, ఎం.ఎం. దత్‌తో కూడిన ధర్మాసనం 1986 ఆగస్టు 11న పిల్లల పక్షాన తీర్పిచ్చింది. లేచి నిలబడ్డారన్న సంగతి ఆ తీర్పులో ముఖ్యమైనది. మనస్సాక్షి వద్దన్న ఒక్క ముక్కను మాత్రమే వదిలి, మిగతా గౌరవమంతా ఇచ్చారు. ఆయుధపూజకు పైన చెప్పిన పద్ధతి కూడా ఇదే కొలత.

రెండు శుక్రవారాలను ఇలా పంచుకోండి: మొదటి వారం రోమా 6, మూడు కుప్పలు, తీతు–తిమోతి. ఇంటికి పంపేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో కేసు చీటీ ఇచ్చి, ఏ కుప్పలోకి వస్తుందో వచనంతో సహా రాసుకుని రమ్మనండి. రెండో వారం ఆ చీటీలే చదవండి. నగలు, పెళ్లి చీటీలు చివరికి ఉంచండి, ముందే తీస్తే ప్రసాదం దాకా రారు. సంఘ పెద్దల్లో ఒకరిని రెండో వారం కూర్చోబెట్టండి, లేకపోతే సోమవారం నాటికి కూటంలో ఏం చెప్పారో వేరే రూపంలో ఊరంతా తిరుగుతుంది.